మంగమ్మ చేత చెప్పించిన మాట

సరోజ వైద్యం చేసే తీరు చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేది. చేతిలో సూది ఉండదు, మెడలో గొట్టం ఉండదు, సంచీలో మందుసీసా అయినా ఉండదు. బెజవాడ బస్సులో నూజివీడు దాకా వచ్చి, అక్కణ్ణుంచి జట్కా కట్టించుకుని, రోగి ఇంటి ముందు దిగి, తిన్నగా వెళ్ళి అరుగు మీద చతికిలబడేది. ఆ ఇంట్లో ఆ పూట ఏ పని జరుగుతుంటే ఆ పనిలో తనూ చెయ్యి పెట్టేది. బియ్యంలో రాళ్ళేరేది, చింతపండు గింజలు తీసేది, ఒకచోట గోడకి పేడ కూడా అలికింది. ఎవరైనా అడిగితే "వైద్యమే చేస్తున్నా" అనేది. ఇదేం వైద్యమమ్మా తల్లీ అని జనం మూతి తిప్పుకున్నారు. సోషల్ వర్కరంటే ఏంటో ఎవరికీ అంతు పట్టక, ఎందుకొచ్చిన గొడవని 'సోషలమ్మగారు' అని పేరు పెట్టేసి ఊరుకున్నారు.

బెజవాడలో ఒక ఆసుపత్రిలో మనోవ్యాధుల వార్డుండేది. అక్కడ పెద్ద డాక్టరు సుబ్రహ్మణ్యంగారు. ఆయన కరెంటు పెట్టేవాడు, మాత్రలిచ్చేవాడు, కుదుటపడ్డవాళ్ళని ఇంటికి పంపేవాడు. ఇంటికెళ్ళినవాళ్ళు ఎట్టా ఉన్నారో చూసి రావడం సరోజ ఉద్యోగం. చూసి రమ్మంటే చూసొస్తే సరిపోయేది. ఈవిడ చూసొచ్చే రకం కాదు. రోగుల్ని అక్కా, బాబాయ్, పెద్దమ్మా అని వరసలు పెట్టి పిలిచేది. సుబ్రహ్మణ్యంగారికి అది బొత్తిగా గిట్టేది కాదు. "పేషెంట్లతో చుట్టరికాలేంటమ్మా? రేపు నువ్వు ఏడుస్తూ కూర్చుంటే నీకెవరు చేస్తారు వైద్యం?" అనేవాడు. సరోజ నవ్వేసి మర్నాడు మళ్ళీ బస్సెక్కేది.

ఆవిడకి ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో కూడా చెప్పుకోవాలి. ముసునూరు పక్కన ఒక పల్లెలో కూలి చేసుకు బతికే ఇంట్లో పుట్టింది సరోజ. చిన్నప్పుడు ఉన్నట్టుండి ఒకరోజు వాళ్ళమ్మ మాట్లాడటం మానేసింది. దయ్యం పట్టిందన్నారు. భూతవైద్యుణ్ణి పిలిపించి వేపమండలతో కొట్టించారు, మిరపకాయల పొగ పెట్టించారు. ఆ తల్లి అన్నీ పడింది గానీ పెదవి విప్పలేదు. ఒకనాడు మధ్యాహ్నం వెళ్ళి దిగుడుబావిలో పడింది. ఏం మనసులో పెట్టుకుని చచ్చిపోయిందో ఈనాటికీ ఎవరికీ తెలీదు. హాస్టళ్ళలో పడి చదువుకుని, స్కాలర్‌షిప్ మీద మద్రాసు వెళ్ళి సోషల్ వర్కు చదవడానికి చేరినప్పుడు, ఈ చదువే ఎందుకు కావాలమ్మా అని అక్కడి మేడమ్‌గారు అడిగింది. "మా అమ్మని కొట్టారు గానీ, ఏమైందే అని పక్కన కూర్చుని అడిగినవాళ్ళు లేరండి" అంది సరోజ.

అదీ సంగతి. లోపల పెట్టుకున్న మాట మనిషిని తినేస్తుందని, దాన్ని బయటికి రప్పిస్తే చాలు మనిషి బతుకుతాడని సరోజకి గట్టి నమ్మకం. ఎదురుగా కూర్చుని అడిగితే పోలీసువాడు అడిగినట్టు ఉంటుందని పక్కన కూర్చునేది. చేతులకి పనుంటే నోటికి భయం తగ్గుతుందని ఏదో ఒక పని పెట్టుకునేది. ఆ పద్ధతితో బాగుపడ్డవాళ్ళున్నారు, కాదనను. విస్సన్నపేటలో ఒకాయన మూడేళ్ళుగా గది దాటనివాడు, ఈవిడతో కలిసి తాడు పేనుతూ పేనుతూ బజారుకొచ్చాడు. మరి అటువంటివి చూశాక ఎవరికి మాత్రం ధీమా పెరగదు?

మంగమ్మ కేసు ఆవిడ చేతికొచ్చింది అరవై నాలుగు ఎండాకాలంలో.

ముసునూరు దాటాక జగన్మోహనరావుగారి మామిడితోట ఉంది. రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ, అన్నీ ఉన్నాయి. ఆ తోటకి కాపలాదారు పెద్దిరాజు. తోటలోనే తాటాకు పాక. పెళ్ళాం మంగమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. రెండేళ్ళ కిందట, మామిడి పూత మీదున్న రోజుల్లో, చిన్నపిల్ల పొద్దున ఆడుకుంటూ ఉన్నదల్లా మధ్యాహ్నానికి కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నోట నురగ కక్కి చచ్చిపోయింది. రెండేళ్ళు నిండని పిల్ల. గాలి సోకిందన్నారు. నిండు పూతలో పసిపిల్లని చెట్ల కింద తిప్పితే సోకదా మరి అని మంగమ్మనే నాలుగు తిట్టారు. ఆ రోజు నుంచి మంగమ్మ నోరు పడిపోయింది. వండేది, ఊడ్చేది, నీళ్ళు తెచ్చేది. మాట మాత్రం లేదు. చివరికి తిండి కూడా మానేస్తే పెద్దిరాజు బెజవాడ తీసుకెళ్ళి వార్డులో చేర్పించాడు. సుబ్రహ్మణ్యంగారు కరెంటు పెట్టాక తినడం మొదలుపెట్టింది. మాట రాలేదు.

పెద్దిరాజు మంచివాడు. ఆ మాట ఒప్పుకోవాలి. ఇంకోదాన్ని చేసుకోరా అని ఊరంతా చెవినిల్లు కట్టుకుని పోరుతున్నా వినలేదు. సాయంత్రం పని అయ్యాక పెళ్ళాన్ని గుమ్మంలో కూర్చోబెట్టి, తనే నూనె రాసి తల దువ్వి జడ వేసేవాడు. మగాడు ఆడదానికి జడ వెయ్యడమేంట్రా అని తోటి కూలీలు ఎగతాళి చేసినా పట్టించుకోలేదు. పిల్లని తల్లి దగ్గర ఉంచడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. పెద్దపిల్ల లక్ష్మిని విస్సన్నపేటలో తన అక్క సత్యవతి దగ్గర ఉంచాడు. పలక్కుండా, పిలవకుండా ఉండే తల్లి దగ్గర ఏడేళ్ళ పిల్ల ఎట్టా పెరుగుద్దండీ అన్నాడు సరోజతో.

"అది నోరు తెరిచి పిల్లని పేరెట్టి పిలిచిన రోజున తీసుకొచ్చి ఒళ్ళో కూర్చోబెడతానండి. మా అక్క ఏడ్చినా సరే" అన్నాడు.

మంగమ్మ ఆ మాట వింటూనే ఉంది. ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి. పెదవులు కదిలాయి, ఒణికాయి, మళ్ళీ గట్టిగా మూసుకున్నాయి. మాట రాక కాదు, మాటని ఆపుతోంది అని సరోజకి అప్పుడే అర్థమైంది. సరే, నీ సంగతి నేను చూస్తా అనుకుంది.

గాలికి రాలిన పచ్చికాయల్ని పారెయ్యకుండా చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి ఎండబెడతారు. ఒరుగులంటారు. మామిడికాయ దొరకని కాలంలో పప్పులో వేసుకోవడానికి. ఆ ఎండాకాలమంతా మంగమ్మ పని అదే. సరోజ వారానికోసారి వచ్చి పక్కన ఇంకో కత్తిపీట వేసుకుని కూర్చునేది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన కూర్చుని చేసిన పనే గనక చెయ్యి బాగానే తిరిగేది. అడగడం లేదు, బతిమాలడం లేదు. కాయ తియ్యడం, చెక్కడం, కొయ్యడం. తనకి తోచిన ఊసులన్నీ చెప్పేది. బస్సులో ఎవరో ముసలమ్మ కండక్టరుతో పెట్టుకున్న తగాదా చెప్పేది, హాస్టల్లో నీళ్ళ చారు సంగతి చెప్పేది. మంగమ్మ వింటుందో లేదో తెలిసేది కాదు.

ఒకరోజు సరోజ ముక్కల్లో ఉప్పు కలిపి చాప మీద పరుస్తోంది.

"ఉప్పు చాలదు" అంది మంగమ్మ.

రెండేళ్ళుగా పలకని మనిషి పలికిన మొదటి మాట ఉప్పు గురించా! లేచి ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ తొందరపడితే మొదటికే మోసమొస్తుందని తెలుసు. "అయితే ఇంకాస్త వెయ్యి అక్కా" అని ఉప్పుగిన్నె జరిపింది. తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వుకుంది.

ఆ తర్వాత వచ్చినప్పుడు సరోజ తన తల్లి సంగతి చెప్పింది. వేపమండలు, మిరపకాయల పొగ, దిగుడుబావి, అన్నీ. చెప్పడం అయ్యాక ఇద్దరూ చాలాసేపు కాయలు కోశారు. అప్పుడు మంగమ్మ కత్తిపీట మడిచి పక్కన పెట్టింది.

"పేలు అమ్మగారూ" అంది.

"ఏం పేలక్కా?"

"చంటిదాని తల నిండా పేలు. గోక్కుని గోక్కుని రక్తాలు చేసుకునేది. ఎంత దువ్వినా పోయేవి కావు. పూత మీద తేనెమంచు పురుగు పడిందని అయ్యగారు బెజవాడ నుంచి మందు డబ్బా తెప్పించారు. మా ఆయనే కొట్టాడు చెట్లకి. కొడతా ఉంటే పురుగు జలజలా రాలింది. అడుగున మిగిలిన కాస్తా సీసాలో పోసి చూరులో పెట్టాడు. చెట్టు మీద పురుగు చస్తే తల్లో పురుగు చావదా అనుకున్నా. కొబ్బరినూనెలో కలిపి రాశా."

మంగమ్మ గొంతు పైకీ లేవలేదు, కిందకీ పడలేదు.

"రాలాయి అమ్మగారూ. దువ్వెన పెడితే నల్లగా రాలాయి. చంటిది నవ్వింది. హాయిగా ఉందే అమ్మా అన్నట్టు నవ్వింది. నేనూ సంతోషపడ్డా. ఇంకాస్త రాశా."

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. అందరూ గాలి సోకిందంటుంటే మంగమ్మ సీసా తీసుకెళ్ళి కాలవలో పడేసి వచ్చింది. నోరు తెరిస్తే ఈ మాటే వస్తుందని, నోరే తెరవకుండా ఉండిపోయింది. అయ్యో దేవుడా, విషమని ఆ తల్లికి ఎవరు చెప్పారు గనక! జగన్మోహనరావుగారు చెప్పారా? డబ్బా అమ్మినవాడు చెప్పాడా? పూత మందు అన్నారు. మందంటే రోగం తగ్గించేదే కదా ఎవరికైనా.

సరోజ మంగమ్మని గట్టిగా పట్టుకుంది. నీ తప్పు కాదక్కా, తెలిసి చేశావా అని పదిసార్లు చెప్పింది. మంగమ్మ ఘొల్లుమని ఏడ్చింది. రెండేళ్ళ ఏడుపు ఒక్కసారిగా ఏడ్చి, అలసిపోయి, ఒరుగుల చాప పక్కనే పడి నిద్రపోయింది.

బెజవాడ వెళ్ళి సుబ్రహ్మణ్యంగారికి చెప్పింది సరోజ. ఉబ్బితబ్బిబ్బవుతూ చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు. "బాగానే రప్పించావమ్మా మాట. ఆ ఇంట్లో దాన్ని పెట్టుకునే చోటుందా?" అన్నాడు. పెద్దాయన ఎప్పుడూ ఇంతే, ఉత్సాహం మీద నీళ్ళు చల్లుతాడు అనుకుంది సరోజ.

ఇక్కడ పెద్దిరాజు సంబరం పట్టలేకుండా ఉంది. పెళ్ళాం మాట్లాడుతోంది. మంచినీళ్ళు కావాలా అంటోంది, అన్నం పెట్టనా అంటోంది. సోమవారం విస్సన్నపేట వెళ్ళి పిల్లని తెచ్చేస్తానన్నాడు. మంగమ్మ ఒక పాత చీర చింపి లక్ష్మికి పక్కబొంత కుట్టడం మొదలుపెట్టింది. సరోజ వచ్చేసరికి సూదీ దారం చేతిలో ఉన్నాయి గానీ కుట్టడం లేదు.

"ఆయనకి చెప్పాలా అమ్మగారూ?" అంది.

సరోజ ఆ ప్రశ్నకి సిద్ధంగానే ఉంది. అదే వచ్చిన చిక్కు. సిద్ధంగా లేకుండా ఉన్నా బాగుండేది.

"చెప్పాలక్కా. చెప్పకపోతే మళ్ళీ లోపలే ఉండిపోతుంది. మళ్ళీ నోరు మూసుకుపోతుంది."

"పిల్లొచ్చాక చెప్తా. ఒక నెల పోయాక చెప్తా. అది నాకు కాస్త అలవాటయ్యాక."

ఆ ముఖంలో ఎంత ఆశ! ఒక నెల. అడిగిందల్లా అంతే. సరే అంటే ఏం పోయేది? కానీ సరోజకి తన తల్లి కళ్ళముందు మెదిలింది.

"దాచిపెట్టి పిల్లని తెచ్చుకుంటే నీకు రోజూ భయమే అక్కా. పిల్ల తల నిమిరినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. ముందు చెప్పెయ్యి. పెద్దిరాజు మంచివాడు. అర్థం చేసుకుంటాడు. నేను పక్కనే ఉంటాగా."

మంగమ్మ సూదిని బొంతలో గుచ్చి పక్కన పెట్టింది.

"మీరెట్టా అంటే అట్టా" అంది.

సోమవారం సరోజ ముందే వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం బస్సుకి పెద్దిరాజు దిగాడు, భుజాన లక్ష్మి, వెనకాల సత్యవతి మూట పట్టుకుని. రెండేళ్ళు కన్నబిడ్డలా సాకిన పిల్లని వదలాలంటే సత్యవతికి ప్రాణం మీదకొచ్చినట్టుంది, ముఖం మాడ్చుకుని ఉంది. పిల్లని పాక ముందు దించాడు పెద్దిరాజు. లక్ష్మి తండ్రి పంచె పట్టుకుని తల్లిని తేరిపార చూసింది.

"లచ్చిమీ" అంది మంగమ్మ. "నా తల్లీ, లచ్చిమీ."

పెద్దిరాజు అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. సత్యవతి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల నెమ్మదిగా పంచె వదిలి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి తల్లి మోకాలి దగ్గర కూర్చుంది. మంగమ్మ తాకలేదు. రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని సరోజ వైపు చూసింది. సరోజ తల ఊపింది. అట్టా తల ఊపే బదులు సరోజ తన చెయ్యి నరుక్కున్నా ఇంత పాపం లేకపోయేది.

మంగమ్మ మొగుడికి చెప్పింది. సరోజకి చెప్పినట్టే చెప్పింది. పేలు, పురుగు, కొబ్బరినూనె, చంటిది నవ్వడం. ఏదీ దాచలేదు.

పెద్దిరాజు కళ్ళు తుడుచుకోవడం మధ్యలో ఆగిపోయింది.

"ఏ సీసా?" అన్నాడు.

"చూరులో నువ్వు పెట్టిందే."

ఉన్నపళాన కూలబడ్డాడు. సత్యవతి "ఓసి నీ చేతులు పడిపోనూ!" అని ఒక్క కేక పెట్టి, పిల్లని రెక్క పట్టుకుని లాక్కుంది. లక్ష్మి భయపడి ఏడుపు మొదలుపెట్టింది. సరోజ గబగబా పెద్దిరాజు పక్కకొచ్చి కూర్చుని, తెలియక చేసిందనీ, ఎవరూ విషమని చెప్పలేదనీ, రెండేళ్ళు ఎంత నరకం పడిందో చూడమనీ చెప్పుకొచ్చింది. చదివిన చదువంతా చెప్పింది. పెద్దిరాజు తల ఎత్తాడు.

"తెలియకేనండి. అది తెలిసి చేస్తుందా? ఆ సీసా తెచ్చింది నేను. అంత ఖరీదైన మందు పారబొయ్యడానికి మనసొప్పక తెచ్చా. కూలీ చేసుకునేవాడికి ఆ మందెందుకండీ, నాకేమన్నా తోటలున్నాయా?" అని తల కొట్టుకున్నాడు. "రెండేళ్ళు దేవుణ్ణి తిట్టుకున్నా. గాలిని తిట్టుకున్నా. హాయిగా ఉండేదండీ అట్టా తిట్టుకోవడం."

లేచాడు. లక్ష్మిని అక్క చేతుల్లోంచి తీసుకుని భుజాన వేసుకున్నాడు. మంగమ్మ అప్పటికి గానీ చేతులు చాపలేదు. చాపిన ఆ చేతులకేసి చూసి పెద్దిరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. కోపంతో కాదు. నిప్పు తగులుతుందేమోనని వెనక్కి జరిగినట్టు జరిగాడు. మంగమ్మ అది చూసింది. చేతులు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

సరోజ రోడ్డు దాకా వెనకాల పరిగెత్తింది. "పెద్దిరాజు గారూ, పిల్లని తీసుకెళ్ళిపోతే ఆవిడ ఏమవుతుందో ఆలోచించండి" అని వగరుస్తూ అడ్డం పడింది.

ఆయన ఆగాడు. మర్యాదగానే మాట్లాడాడు. అదే మరీ ఘోరం.

"మీరు మంచికే చేశారండి. మిమ్మల్నేం అనను. కానీ రేపు నేను దీన్ని అక్కడ వదిలి తోటలోకి పోవాలి కదా. ఎట్టా పోతానండి? అది దీనికి తల దువ్వుద్ది. అన్నం కలిపి పెడుద్ది. నేను చెట్టు కింద నిలబడి ఏం ఆలోచిస్తానో మీరే చెప్పండి. మాట్లాడనంత కాలం దాని మీద జాలే ఉండేదండి నాకు. జాలితో ఎన్నేళ్ళైనా బతికేవాణ్ణి."

ఆ మాటకి ఏమనాలో మద్రాసులో ఏ పుస్తకంలోనూ చెప్పలేదు. విస్సన్నపేట బస్సొచ్చింది. ముగ్గురూ ఎక్కారు. లక్ష్మి తండ్రి భుజం మీంచి తోట వైపు చూస్తూ "అమ్మ నన్ను పిలిచింది నాన్నా" అంటోంది. బస్సు కదిలింది.

రోడ్డు మీద దుమ్ము అణిగేదాకా సరోజ అక్కడే నిలబడింది. తిన్నగా నూజివీడు వెళ్ళిపోతే బాగుండు, ఈ ఉద్యోగానికో దండం పెట్టి ఏ బళ్ళోనో పాఠాలు చెప్పుకుంటే బాగుండు అనిపించింది. వెళ్ళలేదు. కాళ్ళీడ్చుకుంటూ పాక దగ్గరికొచ్చింది.

మంగమ్మ ఏడవడం లేదు. సగం కుట్టిన బొంత మడిచి లోపల పెట్టేసినట్టుంది. కత్తిపీట ముందు కూర్చుని కాయ తీసుకుని చెక్కుతోంది. సరోజ వచ్చి పక్కన నిలబడ్డాక తలెత్తి చూసింది. ఆ ముఖంలో నిష్ఠూరం లేదు, ఎత్తిపొడుపు లేదు. చెప్పిన మాత్రలన్నీ వేళకి వేసుకున్న రోగి డాక్టరు వైపు చూసినట్టు చూసింది.

"ఇంకా ఎవరికన్నా చెప్పాలా అమ్మగారూ?" అని అడిగింది, నిజంగా తెలుసుకోవాలనే.